పెట్రోమాక్స్ లైటు ఎవరిది? బొబ్బిలి, విజయనగరాల్లో నాలుగు రోజులు

మొదటి రోజు, శనివారం

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర, పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. ఒకసారి చూడాలని అక్కా నేనూ ఇరవై ఏళ్ళ నుంచి అనుకుంటూనే ఉన్నాం. ఈ ఏడు కుదిరింది. అమ్మకి ఎనభై మూడేళ్ళు, రైలు ప్రయాణం చెయ్యలేదు. బయల్దేరేముందు ఒక్కటే చెప్పింది: "నా పేరు చెప్పుకుని సిరిమాను మీదికి ఒక అరటిపండు విసరండి. తగలాలి సుమా. ఊరికే విసిరేసి వచ్చెయ్యడం కాదు."

ఎలాగూ అటు వెళ్తున్నాం కదా, రెండు రోజులు ముందెళ్ళి బొబ్బిలి చూద్దామన్నది నేనే. నాకు ఊహ తెలిశాక విన్న మొదటి కథ బొబ్బిలి కథ. పార్వతీపురం దగ్గర మా తాతగారి ఊళ్ళో, సంక్రాంతికి, రచ్చబండ ముందు బుర్రకథ. పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు. కథకుడి భుజం మీద తంబురా, కాళ్ళకి గజ్జెలు. పక్కన ఇద్దరు వంతలు, ఒకడు నవ్విస్తాడు, ఒకడు లోకం సంగతులు చెబుతాడు. కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమవాళ్ళే చంపేసుకునే ఘట్టం రాగానే నేను ఏడ్చేశాను. తాతయ్య భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయారు. ఆయన తువ్వాలు నుంచి వచ్చిన చుట్ట వాసనతో సహా గుర్తుంది.

రైల్లో అన్నవరం దాటాక ఇదంతా అక్కకి చెబుతున్నాను. అక్క ఇడ్లీ తింటూ విని, చివర్లో తాపీగా అంది: "ఒరే, అది డెబ్బై సంక్రాంతి. నువ్వు పుట్టింది డెబ్బై ఒకటి జూన్‌లో."

నేను నమ్మలేదు. తర్వాత ఇంకోసారి ఆడి ఉంటారన్నాను. ఆ తర్వాత ఆ ఊరికి కరెంటొచ్చింది, పెట్రోమాక్స్ ఎక్కడిది అంది అక్క. ఏడ్చింది తనట. తాతయ్య భుజాన వేసుకెళ్ళింది తననట. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి ఆ రాత్రి సంగతి చెప్పేదట, పదిసార్లో ఇరవైసార్లో. "నా ఏడుపు నువ్వు కొట్టేశావురా" అని నవ్వింది.

నవ్వొచ్చిందిగానీ నాకు లోపల ఏదో తీసేసినట్టయింది. యాభై ఏళ్ళకి పైగా నాదనుకున్న ఒక రాత్రి నాది కాదు. పోనీ అబద్ధమా అంటే అదీ కాదు. జరిగింది. నాకు జరగలేదు, అంతే.

విజయనగరంలో రైలు మారి రాయపూర్ వైపు లైన్లో బొబ్బిలి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. లాడ్జిలో సంచులు పడేసి, భోంచేసి, ఆటోలో యుద్ధ స్తంభం దగ్గరికి వెళ్ళాం.

పాత కోట ఉన్న చోట 1891లో బొబ్బిలి సంస్థానం వాళ్ళు నిలబెట్టిన రాతి స్తంభం అది. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కోట మట్టికోట, అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఊళ్ళో ఉన్న కోట తర్వాత కట్టింది. ఇక్కడ చూడాల్సినదంతా మనం తలలో పెట్టుకుని తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే ఇదొక స్తంభం.

నేను తెచ్చుకున్నది ఇది. 1757 జనవరి 24. ప్లాసీ యుద్ధం ఇంకా ఐదు నెలల దూరంలో ఉంది. ఉత్తర సర్కారులు అప్పటికి నిజాం ఇచ్చిన హక్కుతో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి. ఫ్రెంచి సేనాని బుస్సీ, మన పాటల్లో బూసీ దొర, పేష్కష్ (కప్పం) బకాయిల వసూలుకి సైన్యంతో వచ్చాడు. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఆయన పక్షం. బొబ్బిలి రాజు రంగారాయుడికీ విజయనగరానికీ అప్పటికే పాత పగ. కోట ఇక నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపుకుని, ఒక్కరూ లొంగకుండా పోరాడి చచ్చిపోయారు. రంగారాయుడి కొడుకు, పసివాడు, బతికాడు. ఆ మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హత్యకు గురయ్యాడు.

దీన్ని రాసిపెట్టిన ఇంగ్లీషువాడు రాబర్ట్ ఓర్మ్. మద్రాసులో కంపెనీ కొలువు చేసి, తర్వాత ఇంగ్లండులో కూర్చుని చరిత్ర రాశాడు. ఆయన లెక్కలో డేరాలోకి దూరింది ఇద్దరు మామూలు బొబ్బిలి సైనికులు. పేర్లు లేవు. రాజు ఒంటి మీద ముప్పై రెండు గాయాలని మాత్రం రాశాడు. గాయాలు లెక్కపెట్టారుగానీ పొడిచినవాళ్ళ పేర్లు అడగలేదు. మన కథలో ఆ చెయ్యి తాండ్ర పాపారాయుడిది. రాణి మల్లమ్మదేవి అన్న, రాజాం నుంచి ఆలస్యంగా వచ్చినవాడు.

ఆటో అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. ఓర్మ్ సంగతి నేను చెబితే కొంచెం కోపంగా అన్నాడు: "ఆ దొరకేటి తెలుసు బాబూ? పాపారాయుడే పొడిసినాడు. పొడిసి, 'బొబ్బిలి పులినిరా' అని మరీ పొడిసినాడు."

"నువ్వు చూశావా?" అంది అక్క.

"సూణ్ణేదేటి? టీవీలో ఎన్నిసార్లు సూణ్ణేదు!"

పాపారాయుడు ఎలా ఉంటాడని అడిగాను. కృష్ణంరాజులా అన్నాడు. నాకు మాత్రం ఎస్వీ రంగారావు. 1964లో ఆయన ఆ వేషం కట్టాక మా తరంలో ఎవరికీ వేరే మొహం గుర్తుకు రాదు. ఆటో అబ్బాయి తరానికి 1986 సినిమా. ఒకే స్తంభం ముందు నిలబడి ఇద్దరం ఇద్దరు వేర్వేరు మనుషుల్ని తలుచుకుంటున్నామన్నమాట. అసలాయన మొహం మాత్రం ఎవరికీ తెలీదు.

రెండో రోజు, ఆదివారం

పొద్దున్నే గొల్లపల్లి. బొబ్బిలి పక్కనే, వీణలు చేసే ఊరు. పనస దుంగ ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా తొలిచి వీణ చెయ్యడం ఇక్కడివాళ్ళ పేరు నిలబెట్టిన పని. ఏకాండి వీణ అంటారు. మేం వెళ్ళిన ఇంట్లో మూడు పెద్ద వీణలు, ఒక బల్ల నిండా బొమ్మ వీణలు. సన్మానాలకీ పెళ్ళి బహుమతులకీ బొమ్మ వీణలే ఎక్కువ పోతాయట. వాయించే వీణకి వచ్చేవాళ్ళు తక్కువ. ఇది వింటే బాధేసింది. అయినా ఆ బొమ్మల డబ్బుతోనే పెద్ద వీణ పని కూడా నడుస్తోందంటే ఇక ఏం మాట్లాడతాం.

అక్క చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, కాబట్టి అక్కడ గంటన్నర కదల్లేదు. మెట్లు నిలబెట్టడం చూశాం. ఇరవై నాలుగు మెట్లు, మైనం మీద. ముందు కొలత ప్రకారం పెడతాడు. తర్వాత తీగ మీటి, చెవి పెట్టి, మెట్టుని గోరంత ఇటు జరుపుతాడు. మళ్ళీ మీటుతాడు. కొలత ప్రకారం పెడితే సరిపోదా అని అడిగాను. "కొలత దగ్గరికి తెస్తాదండి. పలికిస్తాదా?" అన్నాడు. ఎండలకి మైనం మెత్తబడితే మెట్లు జరుగుతాయి, అప్పుడు మళ్ళీ మొదట్నుంచీ చూసుకోవాలట. అక్క మా ఇంట్లో అటక మీద ఉన్న తన వీణ గురించి అడిగింది. ముప్పై ఏళ్ళు ముట్టుకోకపోతే ఇక శ్రుతి మాట అడక్కండమ్మా అన్నాడు.

మధ్యాహ్నం ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి. కొత్త కోట దగ్గరికి వెళ్ళాంగానీ గేటు వేసి ఉంది. గుడి దగ్గర ఒక పెద్దాయన ఊరి పేరు పుట్టిన కథ చెప్పాడు. శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వెంకటగిరి నుంచి వచ్చిన పెద్దరాయుడికి ఈ ప్రాంతం దక్కింది. నవాబు పేరులో షేర్ అంటే పులి కదా, ఆ గౌరవానికి ఊరికి పెబ్బులి అని పెట్టాడు. అది బెబ్బులి అయి, బొబ్బిలి అయింది. నవాబు పేరు మీద పెట్టిన ఊరు ఇవాళ ఎవరికీ నవాబుని గుర్తుచెయ్యదు. పులి అనగానే పాపారాయుడే. కథ పెద్దదైతే దాని వెనక కథని మింగేస్తుంది కాబోలు.

సాయంత్రం నాకొక పిచ్చి పుట్టింది. రాజాం వెళ్ళి రావాలని. కథ అంతా ఆ దూరం మీదే కదా నిలబడింది. అన్నకి మల్లమ్మదేవి పంపిన కబురు సమయానికి అందలేదు. అందివుంటే పాపారాయుడు వచ్చేవాడు, వచ్చివుంటే బొబ్బిలి నిలిచేది. చిన్నప్పటి నుంచీ నేను ఆ దూరాన్ని రెండు మూడు రోజుల ప్రయాణమని ఊహించుకున్నాను. మధ్యలో అడవులు, నదులు. బస్సు ఎక్కాం. ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. పొలాలు, కొబ్బరి చెట్లు, టిఫిను దుకాణాలు, ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర అక్క తల కిటికీకి కొట్టుకోవడం. అంతే, రాజాం.

గుర్రం మీద వచ్చేవాడికి ఒక్క పూట. బస్టాండులో టీ తాగుతూ చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. ఇంత దగ్గర్లో ఫిరంగులు పేలుతుంటే కబురు లేకుండానే తెలియదా? పోనీ తెలిసినా రాలేని కారణం ఇంకేదైనా ఉందా? అక్క అంది: "చుట్టూ పటాలం ఉంది కదరా, దారులు కట్టేసి ఉంటారు. అయినా వచ్చి ఏం చేస్తాడు, ఫిరంగి ముందు?" నిజమే. కానీ ఫిరంగుల వల్ల ఓడిపోయామని పాడితే ఎవరు వింటారు? ఒక ఉత్తరం దారి తప్పిందంటే ఊరంతా అయ్యో అంటుంది. ఓడిపోయినవాళ్ళకి అలాంటి ఉత్తరం ఒకటి కావాలి. మా ఇంట్లోనూ ఉంది, నాన్నకి రావాల్సిన ఒక ఉద్యోగం తాలూకు తంతి. వరదలో పోస్టుమ్యాన్ ఆగిపోయాడంటారు. ఏ వరదో ఎవరూ చెప్పలేరు.

కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ఒక ప్రయోగం అప్పుడు గుర్తొచ్చింది. 1932లో అచ్చయింది. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు విద్యార్థులకి చదవడానికిచ్చి, కొన్నాళ్ళకోసారి మళ్ళీ రాయమన్నాడు. రాసినప్పుడల్లా కథ కొంచెం ఇంగ్లీషైపోయింది. ఆదివాసుల దోనెలు మామూలు పడవలయ్యాయి, సీళ్ళ వేట చేపల వేట అయింది. అర్థం కానివి రాలిపోయాయి. ఎవరూ కావాలని అబద్ధం రాయలేదు. తెలిసిన వస్తువు వచ్చి తెలియని దాని చోట కూర్చుంది. ఇది అక్కకి చెబితే, "అయితే నా పెట్రోమాక్స్ నీ చోట కూర్చుందన్నమాట" అంది. ఆ పెట్రోమాక్స్ ఇంక నన్ను వదిలేలా లేదు.

రాత్రి నిద్ర పట్టక ఇంకోటి ఆలోచించాను. కోటలో ఆడవాళ్ళ సంగతి. వాళ్ళని ఎవరైనా అడిగారా, వాళ్ళే ఒప్పుకున్నారా, ఎవరైనా పారిపోవాలని చూశారా? పాటలో అందరూ నవ్వుతూ మెడ చాస్తారు. పాడినవాళ్ళు మగవాళ్ళు, రాసినవాళ్ళు మగవాళ్ళు. ఆ గదుల్లో ఏం జరిగిందో చెప్పడానికి ఆ ఆడవాళ్ళలో ఎవరూ మిగల్లేదు. పాటలో వినపడేది వీరత్వం. తాతయ్య ఊళ్ళో కూర్చున్న ఏడేళ్ళ ఆడపిల్లకి మాత్రం వేరే ఏదో వినపడి ఏడ్చింది. ఆ ఏడుపుని నేను యాభై ఏళ్ళు నాదని చెప్పుకు తిరిగాను.

మూడో రోజు, సోమవారం

విజయనగరం. పండగ రేటని లాడ్జిలో గదికి మూడింతలు అడిగారు. దాని మీద అక్క ఇరవై నిమిషాలు యుద్ధం చేసింది, ఓడిపోయింది.

ఊరు మొత్తం పసుపు వాసన. తొలేళ్ళ రోజు ఇది. రాత్రి రైతులకి అమ్మవారి విత్తనాలు పంచుతారు, ఇంట్లో విత్తనాలతో కలిపి చల్లుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడికి వెళ్ళే దారిలో కాలు పెట్టే చోటు లేదు. రైలుస్టేషను దగ్గరున్న అమ్మవారి ఇంకో గుడి, వనంగుడి, కొంచెం నయం.

పైడితల్లమ్మ ఎవరో ఇక్కడ ప్రతి మనిషికీ తెలుసు. విజయరామరాజు చెల్లెలు. అవును, ఆ విజయరామరాజే. బొబ్బిలి పాటలో ద్రోహి. అన్నని యుద్ధానికి వెళ్ళొద్దందట. విన్లేదు. చనిపోయాడని తెలిసి కుప్పకూలింది, తన విగ్రహం పెద్దచెరువులో దొరుకుతుందని చెప్పి అమ్మవారిలో కలిసిపోయింది. పతివాడ వంశంవాళ్ళు చెరువులోంచి విగ్రహాన్ని తీసి గుడి కట్టారు. ఇప్పటికీ పూజారులు ఆ వంశంవాళ్ళేనని చెబుతారు. యుద్ధమైన మరుసటేడు, 1758 నుంచి జాతర జరుగుతోందని చెబుతారు.

బొబ్బిలి నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ కొంచెం తల తిరుగుతుంది. యాభై కిలోమీటర్ల దూరంలో అదే జనవరి, అదే డేరా. అక్కడ ఆ కత్తిపోటు దగ్గర ఈలలు వేస్తారు. ఇక్కడ ఆ కత్తిపోటు దగ్గర ఒక చెల్లెలు పడిపోతుంది.

గంట స్తంభం దగ్గర టీ కొట్టులో డెబ్బై దాటిన ఒకాయనతో మాట కలిసింది. మేం బొబ్బిలి నుంచి వస్తున్నామంటే నవ్వాడు.

"ఏటి, పులిగోరి కత సెప్పీసినారా?"

"చెప్పారండి. మీరేమంటారు?"

"నానేటంతాను? నిద్దరోతన్న మనిసిని డేరాలో దూరి పొడిసీనారు. దానికి పాటలు! మెలకువున్నప్పుడు రమ్మనండి సూద్దాం."

మరి ఫ్రెంచివాళ్ళని తీసుకురావడం తప్పు కాదా అని అక్క అడిగింది. ఆయన గ్లాసు కింద పెట్టి, మా రాజు తెల్లోళ్ళతో పోరాడి పద్మనాభంలో చచ్చిపోయాడమ్మా, తెల్లోళ్ళని తెచ్చేవాడే అయితే ఎందుకు చస్తాడు అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. పద్మనాభం యుద్ధం 1794 జులై 10న జరిగింది. కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయిన ఆ విజయరామరాజు వేరే ఆయన, చినవిజయరామరాజు. ఇద్దరి మధ్య ముప్పై ఏడేళ్ళు. పెద్దాయన మనసులో ఇద్దరూ ఒక్కరే. పేరు ఒకటే కదా. ఒకాయన చేసిన పనిని ఇంకొకాయన చావు కడిగేసింది.

సరిదిద్దుదామని నోరు తెరిచాను. అక్క నా మోచెయ్యి గిల్లింది. నిజమే, రైల్లో నన్ను సరిదిద్దితే నాకెలా ఉందో రెండు రోజులైనా మర్చిపోలేదు. ఇంకో టీ చెప్పాను.

కోట చుట్టూ ఒక తిరుగుడు తిరిగాం. 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు, జయవారమని మంగళవారం చూసుకుని మొదలుపెట్టారట. ఇన్ని విజయాలు పేర్చుకుని కట్టిన కోట రాజుకి తన డేరాలో నిద్రపోయే ఒక్క రాత్రి మాత్రం కలిసిరాలేదు. సంగీత కళాశాల బయట నుంచే చూశాం, సెలవు. 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఒక్క గొంతుతో సభని కూర్చోబెట్టిన మనిషి ఈ మెట్లే ఎక్కి ఉంటాడని అక్కకి చూపించాను. ఈ మెట్లేనా, తర్వాత కట్టినవా అంది. ఇదిగో, ఇదీ వరస.

నాలుగో రోజు, మంగళవారం

మధ్యాహ్నం పన్నెండుకే కోటకీ గుడికీ మధ్య రోడ్డు పక్కన చోటు పట్టాం. ఆరు అరటిపళ్ళు, రెండు నీళ్ళ సీసాలు, ఒక గొడుగు. సిరిమాను మూడు దాటాక గానీ కదలదన్నారు. కోట బురుజు మీద రాజకుటుంబం కూర్చుని చూస్తారు.

సిరిమాను అంటే చింతమాను. ఏ తోటలో ఏ చెట్టు కావాలో అమ్మవారే పూజారికి కలలో కనబడి చెబుతుందట. యాభై అడుగులు దాటే మానుని బండి మీద బిగించి, ఒక కొన పైకి లేపుతారు. ఆ కొసన పీట మీద పూజారి కూర్చుంటాడు. ఆ పూట ఆయన పూజారి కాదు, అమ్మవారే. గుడి నుంచి కోటకి మూడుసార్లు వెళ్ళి వస్తుంది.

ముందు పాలధార వచ్చింది, ఈటెలతో గిరిజనులు. బెస్తవారి వల. అంజలి రథం. తెల్ల ఏనుగు, అంటే బండి మీద కట్టినది. నా పక్కన బొండపల్లి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నలభై ఏళ్ళుగా ఏటా వస్తోందట. ఏం కనిపిస్తుందమ్మా అని అడిగితే, "ఏటి కనిపిస్తాది, పైడితల్లి" అంది. నేను పూజారి గురించి అడగబోయి ఆగిపోయాను. ఆమెకి కనబడుతున్నదానికీ నాకు కనబడుతున్నదానికీ మధ్య నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

తర్వాత అరుపులు. జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. గొడుగు పోయింది. అక్క నా చొక్కా పట్టుకుంది. ఇళ్ళ డాబాల మీదుగా, కరెంటు తీగల పక్కగా, ఆకాశంలో ఒక మనిషి నెమ్మదిగా వస్తున్నాడు. మాను ఊగుతోంది. అరటిపళ్ళు నాలుగు వైపుల నుంచీ వర్షంలా లేచాయి. ఎవరిదో ఒకటి నా చెంపకి తగిలింది. నేను అమ్మ పేరు చెప్పుకుని విసిరాను. పండు పైకి లేచి, ఎండలో ఒక్క క్షణం మెరిసి, మాను మధ్యలో ఠప్పున తగలడం చూశాను. చప్పుడు కూడా విన్నాను. ఒళ్ళు జలదరించింది. పక్కన ముసలమ్మ చేతులెత్తి ఏడుస్తోంది. నా కళ్ళల్లోనూ నీళ్ళు. ఈసారి ఇది నా ఏడుపే.

రాత్రి రైల్లో అక్క తన ఫోన్లో తీసిన వీడియో పెట్టింది. సిరిమాను వస్తోంది, వెళ్తోంది. అక్క చెయ్యి వణికింది కాబట్టి సగం ఆకాశమే ఉంది. అరటిపళ్ళు లేస్తున్నాయి. నా నీలం చొక్కా చెయ్యి కూడా కనబడింది. మాను మమ్మల్ని దాటి అవతలి జనం మీదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా చెయ్యి లేచింది. పండు రోడ్డుకి అవతల ఒక డాబా పిట్టగోడ మీద పడింది.

ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్క ఇంకోసారి వెనక్కి జరిపి చూపించింది. అదే పిట్టగోడ.

అప్పుడే అమ్మ ఫోను.

"తగిలిందా?"

"తగిలిందమ్మా" అన్నాను. "సరిగ్గా మధ్యలో. చప్పుడు కూడా వినపడింది."

అక్క నా వైపు చూసింది. ఫోను సంచిలో పెట్టేసి, దుప్పటి తీసింది.